సమస్య: రసము నెఱుఁగనతఁడె రసికుఁడయ్య

నిర్వాహకుడు: సంగీతం బాగా తెలిసిన ఒక పెద్దాయనను మొన్న ఎవరో "మంచి రసికుడు" అంటే చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. నాకు బాధనిపించింది. అప్పుడు తట్టిన పాదం ఇది. దీన్ని చివరి పాదంగా ఉంచి, అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాసి పూరించండి.

యతిప్రియ:
తోటికవుల కృతులఁ దూచెడు వేళలోఁ
దప్పుఁ జూపుఁ గాని తగవాడఁడు
నాల్కపైన నొక్క నలుసంతయైనను
రసము నెఱుఁగనతఁడె రసికుఁడయ్య

రసం అంటే విషం. అమరకోశంలో ఉన్న అర్థమే.

గణవిభజన: విషం బాగా కుదిరింది. కానీ 'తగవా' సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) ఎలా అవుతుందండీ? 'తగవుపడఁడు' అంటే సరి. పోయిన నెల నాకు గణం తప్పితే మూడు రోజులు పాఠం చెప్పింది మీరే కదా!

యతిప్రియ: తప్పు తప్పే. సవరించుకున్నాను.

కొత్తచిగురు:
నూఱుమార్లు చదివి నూతనత్వముఁ గాంచు
పాతపద్యమందె పాఠకుండు
ఎన్ని యేండ్లకైన నించుకయేని నీ
రసము నెఱుఁగనతఁడె రసికుఁడయ్య

నిర్వాహకుడు: ఆహా! మూడో పాదం చివర ఆ 'నీ'! ఒక్క అక్షరంతో సమస్య విడిపోయింది.

గణవిభజన: ఈ విరుపు కొత్తదేమీ కాదు, 'వి' పెట్టి విరసం చేసేవాళ్లూ ఉంటారు. అయితే నూరోసారి చదవడం గురించి చెబుతున్నప్పుడు నీరసమే సరైన మాట. ఒప్పుకుంటున్నాను.

యతిప్రియ: మరి మీ కిందటి పూరణ సంగతి? అందులో రసికుడు వీధి చివర నిలబడి ఆడవాళ్లను చూసేవాడు!

గణవిభజన: వాడుకలో ఉన్న అర్థమే రాశాను.

యతిప్రియ: వాడుకలో ఉంది, కాదనను. శృంగారాన్ని రసరాజు అన్నారు కదా, మాట ఆ ఒక్క రసం దగ్గరే ఆగిపోయిందని నా అభిప్రాయం. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎనిమిది రసాలు చెప్పాడు, శాంతంతో తొమ్మిది. కరుణరస పద్యానికి కళ్లు చెమర్చేవాడూ రసికుడే. 'అరసికులకు కవిత్వం వినిపించే రాత నా నుదుట రాయకు' అని బ్రహ్మను వేడుకున్న కవి ఎవరి గురించి అన్నాడు? పద్యం వింటూ రాయిలా కూర్చునేవాళ్ల గురించే కదా.

కొత్తచిగురు: సహృదయుడన్నా దగ్గర మాటే కదండీ. కావ్యాలు చదివి చదివి అద్దంలా తేటపడ్డ మనసు గలవాడని ఆలంకారికుడు అభినవగుప్తుడు అన్నాడు. నా పద్యంలో 'నూఱుమార్లు' అందుకే వచ్చింది.

గణవిభజన: సరే, నా కిందటి పూరణలో 'రసికుఁడు' తీసేసి 'విటుఁడు' పెడదామని చూస్తున్నాను. నాలుగు లఘువులు ఉండాల్సిన చోట మూడే వస్తున్నాయి. ఇంకొక్క లఘువు కావాలి.