ట్రిపుల్ క్రాంక్ తీసేసి డబుల్ వేయొచ్చా?

హనుమకొండ రైడర్: అన్నా, నా రోడ్ బైక్‌కి ముందు 50-39-30 పళ్ల మూడు రింగుల ట్రిపుల్ క్రాంక్, వెనక 11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న 8 స్పీడ్ గేర్లు. రామప్ప దాకా పోయినా చిన్న రింగు అవసరం పడదు, పైగా దాని మీదికి దించినప్పుడల్లా చైన్ లోపలికి జారి ఫ్రేమ్ పెయింట్ గీరుకుపోతోంది. రెండు రింగుల 50-34 డబుల్ వేద్దామనుకుంటున్నా. గేర్లు మార్చే లివర్ కూడా మార్చాలా?

కాజీపేట సైకిల్: అప్పుడే పైసలు పెట్టకు తమ్మీ. చిన్న రింగు బోల్టులు విప్పి తీసెయ్, చైన్‌ని రింగు మార్చే ఫ్రంట్ డీరేలర్ మీద ఎల్ అని ఉన్న స్క్రూ బిగించి 39 దగ్గరే ఆగేటట్టు చెయ్. లివర్‌లో ఒక క్లిక్ ఖాళీగా పోతుంది, అంతే.

పాత గేర్లు: అది సాదా రోడ్డుకు సరే. కానీ లగేజీతో గుట్ట ఎక్కాలంటే 39కి మోకాళ్లు పోతాయి. 50-34 వేసి వెనక 11-32 పెట్టుకో, అన్నింటికంటే తేలిక గేరు (ముందు పళ్లు/వెనక పళ్లు) 34/32 అంటే 1.06, నీ పాత 30/28 అంటే 1.07, పోయేదేమీ లేదు. వెనక డీరేలర్ 32 పళ్లు తీసుకుంటుందో లేదో చూసుకో, చైన్ కూడా పొడుగుది కావాల్సి రావచ్చు.

హనుమకొండ రైడర్: నాది స్క్వేర్ టేపర్, అంటే చదరపు కొన ఇరుసు మీద కూర్చునే క్రాంక్ అన్నా.

పాత గేర్లు: అయితే బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు, బేరింగులు) కూడా మార్చాల్సి రావచ్చు, ట్రిపుల్‌కి ఇరుసు మామూలుగా పొడుగుంటుంది. కొత్త క్రాంక్ ఎంత ఇరుసు అడుగుతుందో చూశాకే కొను. ఇరుసు క్రాంక్‌తోనే వచ్చే షిమానో హాలోటెక్ 2 అయితే ఈ లొల్లి ఉండకపోయేది.

కాజీపేట సైకిల్: అందుకే చెప్పిన తమ్మీ, ముందు స్క్రూ తిప్పి చూడు అని.