కిత్సురెగావా సంస్థానమేనా, లేక పేరు గొప్ప ఊరు దిబ్బా?

పాతపటం:
జపాన్‌ని తొకుగావా వంశపు షోగున్లు (సైనిక పాలకులు) ఏలిన ఎడో కాలపు సంస్థానాల పట్టికల్లో కిత్సురెగావా అనే ఊరిని కూడా 'హాన్' (సంస్థానం) అని వేసేస్తారు, నాకు అదే మింగుడు పడదు. దైమ్యో (సంస్థానాధిపతి) అనిపించుకోవాలంటే కనీసం 10,000 కోకుల రాబడి ఉండాలి (కోకు అంటే దాదాపు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషికి ఏడాది గ్రాసం అనుకోండి). కిత్సురెగావా దొరలకి 1600లో సెకిగహారా యుద్ధం అయ్యాక 1,000 కోకులు కలిపిచ్చినా మొత్తం 5,000 దగ్గరే ఆగింది. పేరు కూడా అంతే, పాతరోజుల్లో అది 'కిత్సునె గావా', అంటే నక్క ఏరు. తర్వాత నక్కని తీసేసి, పలుకు దగ్గరగా ఉండేలా 'సంతోషం' అనే అక్షరంతో మొదలుపెట్టి రాశారు.

రైలుకట్ట:
నక్క కథ నేనూ విన్నాను. అందులో దొరల గొప్పేముంది? 713లోనే ఊళ్ళ పేర్లు మంచి అక్షరాలతో రాయమని జపాన్ ఆస్థానం ఆజ్ఞ వేసింది, ఇదీ ఆ బాపతే. ఇక రాబడి అంటారా, వాళ్ళు అషికాగా వంశం వాళ్ళండీ, ఒకప్పుడు షోగున్లుగా ఏలిన ఇల్లు! ఊరి దొర శియోయా కొరెహిసా పారిపోతే అతని భార్య షిమకో అప్పటి జపాన్ ఏలిక హిదెయోషి దగ్గరకెళ్ళింది, చివరికి ఆ ఊరు ఆమె తమ్ముడు కునితోమోకి దక్కింది. తొకుగావాలు కూడా ఆ ఇంటికి లక్ష కోకుల హోదా ఇచ్చారు. మిగతా దైమ్యోలు వంతులవారీగా షోగున్ ఉండే ఎడోలో (ఇప్పటి టోక్యో) కాపురం ఉండి చేతి చమురు వదిలించుకుంటుంటే, వీళ్ళకి ఆ బాధ్యతే లేదు.

పాతపటం:
713 ఆజ్ఞ రెండక్షరాలు వాడమంది సార్, ఇక్కడ మూడున్నాయి. హోదా లక్ష అయితే ధాన్యం కూడా లక్ష వస్తుందా? ఎడో నుంచి ఉత్తరానికి పోయే ఓషూ బాటలో మజిలీ ఊరు కాబట్టి ఉత్తరాది దైమ్యోలు దిగినప్పుడు సత్రాలకి నాలుగు డబ్బులు వచ్చేవి, అంతే.

చిరుజల్లు:
అసలు ఎడో కాలంలో 'హాన్' అనేది సర్కారీ మాటే కాదు కదా. అధికారికంగా చెలామణీ అయింది 1868 నుంచి 1871 వరకే. కిత్సురెగావా వాళ్ళయితే ఏడాది ముందే, 1870లోనే, దుకాణం కట్టేశారు.

పాతపటం:
అయితే పది లక్షల కోకుల 'కాగా' సంస్థానాన్ని కూడా హాన్ అనొద్దంటారా?

చిరుజల్లు:
అనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తర్వాత తగిలించిన మాటకి 10,000 కోకుల గీత గీసి, దీన్నొక్కదాన్నే గెంటేస్తానంటే ఎలాగండీ?