ఐటీఐ అయిపోయిన పిల్లోడు కంపెనీ లైన్లోకి పోవాల్నా, మెకానిక్ షెడ్డులో చేరాల్నా?

టవర్‌క్లాక్_అనంత:
అన్నలూ, ఒక సలహా కావాల. మా అక్క కొడుకు ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్ల కోర్సు అయిపోజేసినాడు, ఊరు రాప్తాడు పక్కన. 2019లో ఎర్రమంచిలో కియా కార్లు బయటికి రావడం మొదలైనప్పటినుంచి పెనుకొండ చుట్టూ విడిభాగాల కంపెనీలు లేచినాయి కదా, అందులో ఒకదాంట్లో లైన్లో పని దొరికింది, కాంట్రాక్టర్ కింద. చేతికి 13 వేలు, బస్సు, ఒక పూట భోజనం. ఇంకోపక్క అనంతపురం టౌన్లో మా బావకు తెలిసినాయన షెడ్డు ఉంది, మొదట్లో 6 వేలు ఇస్తాడంట, పని మాత్రం బాగా నేర్పిస్తాడంట. పిల్లోడు కంపెనీ అంటాడు, బావ షెడ్డు అంటాడు, వారం నుంచి ఇంట్లో ఇదే రచ్చ. మీరేమంటారు?

షెడ్డు_మేస్త్రి:
ఇందులో ఆలోచించేదేముందప్పా, షెడ్డుకు పంపు. నేను 28 ఏళ్లుగా షెడ్డు నడుపుతాండా. మొన్న నా దగ్గరికి ఒక పిల్లోడు పనికొచ్చినాడు, కంపెనీలో ఎనిమిది నెలలు చేసినాడంట. ఏం చేసేటోనివిరా అంటే నాలుగు నట్లు బిగించేటోన్ని అన్నాడు. యా నట్లు అంటే కుడిపక్కవి నాలుగు అన్నాడు, ఎడమపక్కవి ఇంకోడు బిగిస్తాడంట. గేర్ బాక్స్ దింపురా అంటే చూస్తా నిలబడినాడు. అదే నా దగ్గర రెండేళ్లుంటే క్లచ్ ప్లేటు వాడే మారుస్తాడు, ట్యాపెట్ సెట్టింగు చేస్తాడు, బండి స్టార్ట్ చేసి చెవి పెట్టి యా సిలిండర్ మిస్సవుతాందో చెప్తాడు. ఆ విద్య వాడు సచ్చేదాకా వాని చేతిలో ఉంటాది, ఎవుడూ గుంజుకోలేడు.

లైన్_బీ_షిఫ్ట్:
నాలుగు నట్లు అని తీసిపారేసినట్టు మాట్లాడొద్దన్నా. నేను మూడేళ్లుగా అదే పని చేస్తున్నా. టార్క్ గన్‌తో బిగిస్తాం, లెక్క సరిపోతేనే పచ్చ లైటు వెలుగుతుంది, సరిపోకుంటే లైన్ ఆగిపోతుంది, ఎవరి స్టేషన్లో ఆగిందో పైన బోర్డు మీద పడుతుంది, షిఫ్టంతా నిలబడే చేయాల. అది పని కాదా? సరే, నేనొకటి అడుగుతా. నీ షెడ్డులో పిల్లోనికి పీఎఫ్ ఉందా? ఈఎస్‌ఐ, అదే జబ్బొస్తే ఆస్పత్రి ఖర్చు చూసే బీమా, ఉందా? నా జీతంలో ఈఎస్‌ఐకి 0.75 శాతం పట్టుకుంటారు, యజమాని వైపునుంచి 3.25 శాతం కడతారు. పోయినేడు మా అమ్మకు గర్భసంచి ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది, రూపాయి అప్పు చేయలే.

బురుజు_కర్నూలు:
నేనైతే షెడ్డే అంటా. కాకపోతే చెవి పెట్టి వినే రోజులు తగ్గినాయన్నా. 2020 ఏప్రిల్ నుంచి అమ్మినవన్నీ బీఎస్6 బండ్లే, అంటే పొగ తగ్గించే కొత్త రూలు ప్రకారం చేసినవి, బండిలోని తప్పు కోడు చదివే స్కానర్ పెట్టందే ఏమీ చెప్పలేం.

షెడ్డు_మేస్త్రి:
స్కానర్ నా దగ్గరా ఉండాది. అది కోడు చూపిస్తాది, అంతే. వైరు తెగిందా సెన్సార్ పోయిందా అనేది చేత్తో పట్టుకొని చూసినోనికే తెలుస్తాది. పోయిన నెల ఒక డీజిల్ బండి వచ్చింది, వేరే చోట సెన్సార్ మార్చి 9 వేలు గుంజినారు, అయినా ఇంజను లైటు ఆరలే. నేను కిందికి దూరి చూస్తే ఎలుక వైరు కొరికింది. అతికించి, టేపు చుట్టి పంపినా, 200 తీసుకున్నా. ఇది లైన్లో నేర్పుతారా?

లైన్_బీ_షిఫ్ట్:
పీఎఫ్ సంగతి అడిగితే ఎలుక సంగతి చెప్తావేందన్నా. ఉందా లేదా?

కడప_చిన్నోడు:
టవర్‌క్లాక్ అన్నా, వీళ్ల గొడవ పక్కనబెట్టి ముందు ఆఫర్ కాగితం చదువు. అందులో అప్రెంటిస్ అని ఉందా, వర్కర్ అని ఉందా? 1961 చట్టం కింద అప్రెంటిస్ అయితే ఇచ్చేది స్టైపెండ్, జీతం కాదు. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు, అయిపోయినాక ఉద్యోగం ఇచ్చి తీరాలనే రూలూ లేదు. నేను అది తెలీక ఏడాది చేసినా, ఉద్యోగం వస్తాదని మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు. సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపినారు. ఆ రోజు ఎర్రగుంట్ల స్టేషన్లో దిగి ఇంటికి పోబుద్ధి గాక రాత్రి దాకా ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నా.

బురుజు_కర్నూలు:
మరి 2019లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని రాష్ట్రంలో చట్టం చేసినారు కదా?

టవర్‌క్లాక్_అనంత:
అన్నా అది ఇంకోసారి మాట్లాడుకుందాం, నాకు పిల్లోని సంగతి తేలాల. కాగితంలో అప్రెంటిస్ అని లేదు చిన్నోడా, కాంట్రాక్టర్ పేరు ఉంది, పీఎఫ్ నెంబర్ ఇస్తామన్నారు.

పెనుకొండ_అక్క:
నేనూ లైన్లోనే చేస్తా, వైర్లు కట్టే సెక్షన్, మాలో ఆడోళ్లే ఎక్కువ. ఇంత మాట్లాడుకుంటున్నారు, ఏ షెడ్డులోనైనా ఆడపిల్లకు చోటుందా మేస్త్రన్నా? నేను కూడా ఐటీఐనే. టౌన్లో మూడు షెడ్లు తిరిగినా, నవ్వి పంపినారు. కంపెనీలో ఎవరూ నవ్వలేదు.

షెడ్డు_మేస్త్రి:
అమ్మా, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. కానీ ఈ లైన్ తమ్మునికి మాత్రం చెప్తా. పీఎఫ్ పీఎఫ్ అంటావు, నాకు నెలకు మిగిలేది నీ జీతమంత ఉంటాదో లేదో. పదిమంది లేనిచోట ఈఎస్‌ఐ కట్టమని చట్టమే అడగదు. నీలాంటోల్లు 13 వేలకు ఆశపడి పోయి మళ్లా ఒట్టి చేతుల్తో తిరిగొస్తారు, అప్పుడు మేస్త్రీ పని చెప్పు అంటారు.

లైన్_బీ_షిఫ్ట్:
ఆశపడి అంటావా? నువ్వు పొద్దున ఎనిమిదికి షట్టరెత్తిచ్చి రాత్రి పది దాకా నిలబెట్టి 6 వేలు ఇస్తే అది విద్య, నేను జీతం తీసుకుంటే అది ఆశనా? మీరు నేర్పేది సగం, టీ తెప్పించేది సగం.

షెడ్డు_మేస్త్రి:
నోరు అదుపులో పెట్టుకో. నా దగ్గర ఒకడు నాలుగేళ్లు పనిచేసినాడు. మా ఇంట్లో అన్నం తిన్నాడు, మా కొడుకుతో పాటు పండుకున్నాడు. ఇంజను ఊడదీసి బిగించేది వేలు పట్టుకొని నేర్పినా. ఆయుధపూజ నాడు పానాలన్నీ కడిగి వరసగా పేర్చి బొట్టు పెట్టింది వాడే, గుమ్మడికాయ కొట్టింది వాడే, కొత్త బట్టలు తీసిచ్చినా. రెండోరోజు రాలే. ఫోన్ స్విచాఫ్. పది దినాలకు కంపెనీ బస్సు స్టాపులో కనపడినాడు, మెడలో కార్డు యాలాడేసుకొని. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. ఒక్క మాట చెప్పి పోయింటే నేను వద్దంటానా?

లైన్_బీ_షిఫ్ట్:
చెప్పాలంటే భయం అన్నా. నీ పిల్లోని సంగతి నాకు తెలీదు, నాది చెప్తా. ధర్మవరంలో 15 ఏళ్లప్పుడు షెడ్డులో చేరినా. 12 పానా తెమ్మంటే 14 తెచ్చినా, ఆ పానానే మొహం మీదికి విసిరినాడు. కనుబొమ్మ చీలింది, నాలుగు కుట్లు. ఆ డబ్బు మా అమ్మ మగ్గం పనిలో అడ్వాన్స్ తెచ్చి కట్టింది. మూడేళ్లు ఒరే, ఏయ్, చిన్నోడా, అంతే, నా పేరు ఏందో ఆయనకు తెలుసో లేదో. కంపెనీలో మొదటిరోజు కార్డు ఇచ్చినారు, ఇంటిపేరుతో సహా నా పేరు దాని మీద అచ్చయింది. ఇంటికి పోయి మా అమ్మకు చూపించినా. నువ్వు ఆ కార్డు యాలాడేసుకున్నాడు అంటే నాకు కడుపు రగిలింది.

పెనుకొండ_అక్క:
తమ్ముడూ, కార్డు సంగతి పూర్తిగా చెప్పు. నీ కార్డు మీద ఉండేది కంపెనీ పేరా, కాంట్రాక్టర్ పేరా?

లైన్_బీ_షిఫ్ట్:
కాంట్రాక్టర్‌దే అక్కా. మూడేళ్లలో ఇద్దరు మారినారు. అదే లైన్, అదే స్టేషన్, కాగితంలో మాత్రం ప్రతిసారీ ఆ రోజే చేరినట్టు రాస్తారు. పర్మనెంట్ అడిగితే చూద్దాం అంటారు. అది నిజమే, దాయను.

షెడ్డు_మేస్త్రి:
రాత్రంతా నిద్ర పట్టలే తమ్ముడూ. నేను పానా ఎప్పుడూ విసర్లే. చెయ్యి మాత్రం చేసుకున్నా, వాని మీద కూడా, రెండు మూడు సార్లు. మా గురువు నన్ను కొట్టినాడు, అట్ల కొడితేనే పని వస్తాదనుకున్నా. పోయేటప్పుడు చెప్పలేదని ఇన్నాళ్లూ వాన్ని తిట్టుకుంటా ఉండా.

టవర్‌క్లాక్_అనంత:
ఇదంతా మా పిల్లోనికి చదివి వినిపించినా. వాడు అడిగింది ఒకటే, షెడ్డులో చేరితే చెయ్యో కాలో విరిగితే ఎవరు చూస్తారు మామా అని.

లైన్_బీ_షిఫ్ట్:
మేస్త్రన్నా, ఈఎస్‌ఐ కట్టలేకుంటే పోనీ. బ్యాంకులో పీఎం సురక్ష బీమా ఉంది, ఏడాదికి 20 రూపాయలే, ఖాతాలోంచే కట్ అవుతుంది, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఆస్పత్రి బిల్లు ఇయ్యరు గానీ ఏమీ లేనిదానికంటే నయం. 18 నిండిన పిల్లోల్లందరికీ నువ్వే కట్టు.

షెడ్డు_మేస్త్రి:
ముగ్గురున్నారు. రేపే బ్యాంకుకు తీసుకపోతా. కానీ చిన్నోనికి ఇంకా 16. వానికెట్ల?

లైన్_బీ_షిఫ్ట్:
వానికి కుదరదు. వాన్ని ఐటీఐలో చేర్చన్నా, సాయంత్రం వస్తే పని చూపించు.