అమ్మ డైరీలో అన్నీ "మామూలే": కఫం, ఆయాసం ఎలా రాయించాలి?

మా అమ్మకు 63 ఏళ్లు. ఎప్పుడో వచ్చిన టీబీ తగ్గింది గానీ బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు వెడల్పైపోయి కఫం పేరుకునే జబ్బు) మిగిలిపోయింది. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తిరగబెడుతోంది. డాక్టరు గారు రోజూ డైరీ రాయమన్నారు: దగ్గు, కఫం ఎంత, ఏ రంగు, ఆయాసం, నీరసం, రక్తపు చార. వీటిలో మూడు ముదిరి 48 గంటలైనా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. రక్తం ఎక్కువగా పడితే మాత్రం వెంటనే.

అమ్మేమో పాత క్యాలెండరు వెనక "మామూలే" అని రాసి వదిలేస్తుంది. పోయిన నెల వరసగా తొమ్మిది రోజులు అదే మాట. పదో రోజు నేను ఊరికి వెళ్లి చూస్తే కఫం ముదురు ఆకుపచ్చగా ఉంది. వంటింట్లోంచి గుమ్మం దాకా వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఒంట్లో బాగున్న రోజు ఎలా ఉంటుందో ముందే రాసి పెట్టుకోవాల్సింది.

ఇప్పుడు మూతున్న ప్లాస్టిక్ డబ్బాకు గీతలు గీసి ఇచ్చాను, ఎంత పడిందో తెలుస్తోంది. రంగు మాత్రం ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా కనబడుతోంది.

మీ ఇళ్లలో ఇలా రాసేవాళ్లున్నారా? రంగు ఎలా గుర్తిస్తున్నారు? ఆయాసానికి అంకెలు వేస్తారా, ఎన్ని మెట్లు ఎక్కారో రాస్తారా? పెద్దగా చదువుకోనివాళ్లు విసుక్కోకుండా రాసే పద్ధతి ఉంటే దయచేసి చెప్పండి. నేను హైదరాబాద్‌లో, ఆమె ఖమ్మం దగ్గర ఊళ్లో. రోజూ ఫోన్ చేస్తున్నా టెన్షన్ తగ్గడం లేదు.