గీసిన పాత్రకు బొచ్చు మొలిపించవచ్చునా?

రంగులరాట్నం (ప్రశ్న): చేతితో గీసిన బొమ్మలుగా మనం ఎరిగిన కార్టూన్ పాత్రలను కంప్యూటర్‌లో మలిచి, నిజమైన నటుల పక్కన నిలబెట్టి కుటుంబచిత్రాలు తీస్తున్నారు. 2002లో కుక్క పాత్ర స్కూబీ-డూ, 2011లో నీలిరంగు చిట్టిమనుషులు స్మర్ఫ్స్ అలా వచ్చినవే. ఈ మార్పులో పాత్ర నిలుస్తుందా, పేరొక్కటే మిగులుతుందా?

గీతలబడి: చాలాసార్లు పేరొక్కటే మిగులుతుంది, అయితే తప్పు కంప్యూటర్‌ది కాదు, బొచ్చుది. పెనంతో కొడితే టామ్ ముఖం పెనం ఆకారంలోకి వెళ్లి, మరుక్షణం మామూలవుతుంది. ఆ పిల్లికి ఎముకలు లేవనీ, నొప్పి గీతతోపాటే చెరిగిపోతుందనీ తెలుసు గనుకనే మనం నవ్వుతాం. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టగలిగేలా చర్మమూ కండా బరువూ కల్పించిన పిల్లిని అలాగే కొడితే మనసు చివుక్కుమంటుంది, పోనీ దెబ్బ తగ్గిద్దామంటే హాస్యమే ఉండదు. 2021లో వచ్చిన టామ్ అండ్ జెర్రీ చిత్రంలో మనుషులను నిజమైనవారిగానే ఉంచి, జంతువులన్నింటినీ కార్టూన్ రూపంలోనే చూపడం ఇందుకే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. (చిత్రం మాత్రం నాకు రుచించలేదు.) వీడియో గేమ్ పాత్రే అయినా సోనిక్ సంగతి చూడండి: 2019 ట్రైలర్‌లో మనిషి పళ్లు, చిన్న కళ్లు పెట్టేసరికి ప్రేక్షకులు భగ్గుమన్నారు, రూపం మార్చి 2020 ఫిబ్రవరిలో విడుదల చేయవలసి వచ్చింది.

దీపస్తంభం: గీతలబడి గారూ, బొచ్చు మీద ఇంత కోపం అక్కరలేదు. నమ్మకం కలిగించేది వెలుగు. 1988 నాటి హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్‌లో డిటెక్టివ్ తల తగిలి వేలాడే దీపం ఊగుతుంది, దానితోపాటు గదిలోని నీడలన్నీ కదులుతుంటే, చేతితో గీసిన కుందేలు ఒంటిమీది వెలుగునీడలు కూడా ఆ ఊపుకు తగినట్టే మారుతాయి. అంత శ్రద్ధ ఉంటే బొచ్చున్నా లేకున్నా పాత్ర బతుకుతుంది. నా ఫిర్యాదు కథ మీద. స్మర్ఫ్‌లను వాళ్ల ఊరి నుంచి న్యూయార్క్‌కు తెచ్చి, బిడ్డ కోసం ఎదురుచూసే దంపతుల ఇంట్లో అతిథులను చేశారు. సొంత కథలో అతిథి అయిన పాత్రకు ఎంత అందమైన రూపం ఇస్తే ఏం లాభం?

గీతలబడి: ఆ దీపం నా వాదననే వెలిగిస్తోందండీ! రోజర్‌ను ఎవరూ నిజమైన కుందేలుగా మార్చలేదు, ఆ లోకంలోని మనుషులకు కూడా అతడు కార్టూనే. కథ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ఏడెనిమిది నిమిషాల పరుగుల కోసం పుట్టిన, మాటలే దాదాపు లేని టామ్, జెర్రీల జంటతో గంటన్నర నడపాలంటే మాట్లాడేందుకు మనుషులు కావాలి, వచ్చినవాళ్లు కథను తమవైపు లాక్కుంటారు.

రంగులరాట్నం: అలాగైతే స్కూబీ-డూకు ఆ ఇబ్బంది లేదు. కుక్కతో తిరిగే నలుగురు యువతీయువకులు 1969 నాటి కార్టూన్‌లోనే ఉన్నారు గనుక బయటివారికి కథ అప్పగించే పని పడలేదు. అయినా కంప్యూటర్ కుక్క నాకు పరాయిగానే తోచింది. ఈ ఒక్క విషయంలో గీతలబడి గారి వైపే నా మొగ్గు.