ఈ కార్పెట్ పైతాన్ జంగిలా, కోస్టలా? చూసి చెప్పడం కుదురుతుందా?

నల్లంచు:
నమస్తే అందరికీ. నా దగ్గర నాలుగేళ్ల మగ కార్పెట్ పైతాన్ ఉంది, అంటే ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు కొండచిలువ. జంగిల్, కోస్టల్ అనేవి ఇందులో ఉపజాతులు. ఎనిమిది నెలల క్రితం ఒక పెద్దాయన ఇక పెంచలేనని ఇచ్చేశారు. "ఇది ప్యూర్ జంగిల్ బాబూ" అన్నారు, కాగితాలు మాత్రం ఏమీ లేవు. ఒళ్లు మట్టి పసుపు, దాని మీద ముదురు గోధుమ పట్టీలు, పట్టీలకి నల్లటి అంచులు. మెడ దగ్గర మొదలైన గీత వీపు మీద మూడో వంతు దాకా వచ్చి తెగిపోతుంది, అక్కడి నుంచి అడ్డ పట్టీలే. పొడవు 2.1 మీటర్లు. కుబుసం సాగుతుంది కాబట్టి దాన్ని నమ్మకుండా పామునే కొలిచాను.

ఒకరు జంగిల్ అన్నారు, ఇంకొకరు కోస్టల్ అన్నారు, మూడో ఆయన రెండూ కలిసిన క్రాస్ అన్నారు. నా స్నేహితుడి దగ్గర వంశం తెలిసిన జంగిల్ ఆడపాము ఉంది. రెండింటినీ జత కట్టిద్దామని అడుగుతున్నాడు. పుట్టే పిల్లల్ని ఏ పేరు చెప్పి ఇవ్వాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

పసుపుపట్టీ:
చూసి చెప్పొచ్చు తమ్ముడూ. ఏళ్ల తరబడి జంగిల్స్‌నే పెంచుతున్నాను. పిల్లలు గుడ్డులోంచి వచ్చినప్పుడు గోధుమ, బూడిద రంగుల్లో ఉంటాయి, అప్పుడు ఎవరూ ఏమీ తేల్చలేరు. రెండు మూడేళ్లకి పసుపు తేలుతుంది, నలుపు చిక్కబడుతుంది. నాలుగేళ్లొచ్చినా మట్టి రంగులోనే ఉందంటే నాకు అనుమానమే.

పైగా 2.1 మీటర్ల మగ. జంగిల్ మగవి మామూలుగా 2 మీటర్ల లోపే ఆగిపోతాయి. కోస్టల్స్‌లో మగవి ఆడపాము కోసం ఒకదాన్నొకటి మెలేసుకుని పోట్లాడుకుంటాయి, అక్కడ పెద్ద ఒళ్లున్నదే గెలుస్తుంది. అందుకే ఆ ఉపజాతిలో మగవి కూడా బాగా పెరుగుతాయి. డైమండ్ అనే ఇంకో ఉపజాతిలో ఆ పోట్లాట కనిపించదు, ఒక ఆడపాము చుట్టూ నాలుగైదు మగవి గొడవ లేకుండా చేరతాయి. నా మాట: ఇది కోస్టల్, లేదా కోస్టల్ ఎక్కువ కలిసిన క్రాస్.

గుడ్డుపెంకు:
అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట. మీరు చెప్పినవన్నీ "ఇది జంగిల్ కాకపోవచ్చు" అనడానికి పనికొస్తాయి. "ఇది కోస్టల్" అనడానికి చాలవు.

ఈ పాముల్లో ఉపజాతి అంటే ముందుగా ఒక నేల పేరు. డైమండ్‌ది ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ తీరం, అక్కడి నుంచి విక్టోరియా తూర్పు కొన దాకా. కోస్టల్‌ది దానికి పైన, క్వీన్స్‌ల్యాండ్ తీరం పొడవునా. జంగిల్‌ది ఈశాన్య క్వీన్స్‌ల్యాండ్ వానల అడవి, అథర్టన్ పీఠభూమి చుట్టుపక్కల. ఇన్‌లాండ్ కార్పెట్ మరే, డార్లింగ్ నదుల ప్రాంతంలో, డార్విన్ కార్పెట్ ఉత్తరాన, ఇంబ్రికేటా నైరుతిలో, ఇరియన్ జయా న్యూగినీలో. వీటి మధ్య గోడలు లేవు. న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన డైమండ్, కోస్టల్ కలిసిన పాములు అడవిలోనే పుడుతున్నాయి. అలాంటి పాముని తెచ్చి మీ ముందు పెడితే ఏ పేరు పెడతారు? అది ఎక్కడ దొరికిందో తెలిస్తే చెప్పగలరు, తెలియకపోతే లేదు.

రంగు విషయం కూడా చూడండి. అడవి జంగిల్స్‌లో మీగడ రంగువీ ఉన్నాయి, మసక పసుపువీ ఉన్నాయి. మన పెట్టెల్లో మెరిసే పసుపు చాలావరకు బ్రీడర్లు తరతరాలుగా ఏరి ఏరి తెచ్చుకున్నది. దాన్ని కొలతగా పెట్టుకుంటే అడవిలోని అసలు జంగిలే పరీక్షలో తప్పుతుంది. పొడవు కూడా మేత మీద కొంత ఆధారపడుతుంది.

తడినాచు:
పాము ఆరోగ్యంగా ఉంటే ఏ ఉపజాతైతే ఏంటండీ? అన్నీ ఒకే జాతి కదా. జత కట్టిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకీ పిల్లలు పుడతాయి. పేరు కోసం ఇంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

గుడ్డుపెంకు:
డైమండ్ విషయంలో పేరు ప్రాణం మీదికి వస్తుందండీ. కార్పెట్ కుటుంబంలో చల్లటి చోట బతకడానికి ఎక్కువగా అలవాటు పడింది అదే. దాన్ని జంగిల్‌కి పెట్టినట్టే ఏడాది పొడవునా వేడిలో ఉంచిన వాళ్లు ఏం చూశారంటే, బాగా పెరిగిన పాము ఉన్నట్టుండి కండ వదులై, ఎముకలు బలహీనపడి, నడివయసు కూడా రాకుండా పోవడం. పెంచేవాళ్లు దాన్ని డైమండ్ సిండ్రోమ్ అంటారు. వేడి ఒక్కటే కారణమా, మేత, ఎండ కూడానా అన్న వాదన ఇంకా నడుస్తోంది. కానీ డైమండ్ రక్తం సగం ఉన్న పాముని "కోస్టల్" అని చెప్పి ఇస్తే, తీసుకున్నవారికి ఆ జాగ్రత్త గుర్తుకే రాదు.

ఈ నల్లంచు గారి పాములో డైమండ్ పోలిక నాకు కనిపించలేదు. ఒంటి నిండా నల్లటి పొలుసుల్లో మీగడ చుక్కలు, ఆ చుక్కలు పువ్వుల్లా గుంపులు కట్టడం లేవు. ఆ మాట వరకు ధైర్యంగా చెప్పగలను.

తడినాచు:
అది తెలియదు నాకు, థాంక్స్. మరి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిపోదా?

పొలుసులలెక్క:
అంత తేలిగ్గా తేలదు. ఇలాంటి పోలికలకి ఎక్కువగా వాడేది మైటోకాండ్రియా డీఎన్ఏ. అది తల్లి నుంచే వస్తుంది. తల్లి జంగిల్, తండ్రి కోస్టల్ అయితే పిల్ల పరీక్షలో జంగిల్ వైపే చూపిస్తుంది, తండ్రి జాడే ఉండదు. ఇద్దరి వాటా చూడాలంటే కణ కేంద్రకంలోని డీఎన్ఏ చదవాలి, దాన్ని పోల్చడానికి ఎక్కడ పట్టారో కచ్చితంగా తెలిసిన పాముల నమూనాలు కావాలి. మళ్లీ నేల దగ్గరికే వచ్చాం.

పొలుసులు లెక్కపెట్టడం నాకు ఇష్టమైన పని. చిరగని కుబుసం దొరికితే, పాముని ఇబ్బంది పెట్టకుండా నడుం చుట్టూ వరసలు, పొట్ట కింది పలకలు లెక్కపెట్టొచ్చు. కానీ ఉపజాతుల మధ్య ఆ అంకెలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. ఎర్రటి సెంట్రేలియన్ పైతాన్ లాంటి వేరే జాతిని పక్కకి తీయడానికి సాయపడతాయేమో గానీ, జంగిల్‌నీ కోస్టల్‌నీ విడదీయవు.

పసుపుపట్టీ:
సరే, చూపు చాలదన్నారు, డీఎన్ఏ చాలదన్నారు. మిగిలింది కాగితం. ఆ కాగితం ఎవరు రాస్తారు? అమ్మేవాడే కదా! నేను ఒప్పుకోనిది అక్కడే.

ఒక ఉదాహరణ చెప్తాను. న్యూగినీ కార్పెట్స్‌కి హారిసోనీ అన్న శాస్త్రీయ నామం వచ్చింది 2000లో. అంతకు ముందు వాటినీ వేరీగేటా అనే రాసేవారు, అంటే డార్విన్ కార్పెట్ పేరే. పాత కాగితం మీద వేరీగేటా అని ఉంటే ఏ నేల పాము అనుకోవాలి? ఆస్ట్రేలియా తన సరీసృపాలను వ్యాపారానికి బయటికి పంపనివ్వదు, ఇండోనేసియా వైపు నుంచి వచ్చేవి న్యూగినీవే, కాబట్టి ఊహించగలం. కానీ ఆ ఊహకి కూడా చివరికి పాముని చూడాల్సిందే.

జంగిల్‌కి చెయ్నీ, కోస్టల్‌కి మెక్‌డోవెలీ అన్న పేర్ల సంగతీ అంతే. అవి 1984లో వెల్స్, వెలింగ్టన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియన్లు పెట్టినవి. వాళ్ల రచనలను పక్కన పెట్టమని తోటి శాస్త్రజ్ఞులు అంతర్జాతీయ జంతు నామకరణ సంఘాన్ని కోరారు, సంఘం ఒప్పుకోలేదు, పేర్లు నిలిచాయి. పేర్లే అంత గొడవలోంచి వచ్చినప్పుడు కాగితం మీద అచ్చయిన పేరుని కళ్లకి అద్దుకోమంటే నా వల్ల కాదు. కాగితం ఒకటి చెప్పి, పాము ఇంకొకటి చెబితే నేను పాముని నమ్ముతాను.

గుడ్డుపెంకు:
ఇది న్యాయమైన మాట అన్నా, ఒప్పుకుంటున్నాను. కాగితం అబద్ధమని పట్టుకోవడానికి కన్ను కావాలి. నేను కాదనేది ఒక్కటే, కాగితం లేని చోట కన్నే కాగితం అయిపోవడం.

నల్లంచు గారూ, ఆ పెద్దాయనకి ఫోన్ చేయగలరా? "ఏ ఉపజాతి" అని మళ్లీ అడగకండి, జంగిల్ అనే అంటారు. దీని తల్లిదండ్రులని చూశారా, ఒకే సారి పొదిగిన మిగతా పిల్లలు ఎలా ఉన్నాయి, అని అడగండి.

నల్లంచు:
చేశాను. తల్లిదండ్రుల్ని ఆయన చూడలేదట. ఆరు నెలల పిల్లగా తెచ్చుకున్నారట. కానీ దీంతోపాటే పొదిగిన వాటిలో "సగం పిల్లలకి పట్టీలు చెదిరిపోయి, లేత రంగులో భలే ఉన్నాయి, వాటి ధర ఎక్కువని దీన్ని తీసుకున్నాను" అన్నారు. మెసేజ్‌లో కూడా అదే రాయించుకున్నాను.

పొలుసులలెక్క:
అయితే ఆ సగం పిల్లలు జాగ్వార్‌లు, అంటే రంగునీ పట్టీలనీ మార్చే ఒక జన్యు మార్పు ఉన్నవి, అయి ఉండాలి. ఆ జన్యు మార్పు మొదట బయటపడింది నార్వేలో, ఒక కోస్టల్ సంతతిలో. ఒక్క కాపీ ఉన్నా రంగులో కనిపిస్తుంది, అందుకే ఒక విడత పిల్లల్లో సుమారు సగం అలా వస్తాయి. తర్వాత దాన్ని జంగిల్స్‌లోకీ, ఇరియన్ జయాల్లోకీ, డైమండ్స్‌లోకీ కూడా కలిపారు. అవి నిజంగా జాగ్వార్‌లే అయితే మీ పాము వాటి తోబుట్టువు, ఎన్ని తరాల వెనకో ఒక కోస్టల్ ఉన్నట్టే.

జాగ్వార్‌లకి తల ఊగడం, మెలితిరిగిపోవడం లాంటి నరాల ఇబ్బంది ఉంటుంది. రెండు జాగ్వార్‌లని కలిపితే తెల్లగా పుట్టే పిల్లలు బతకవు. మీ దానికి ఆ జన్యువు రాలేదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

పసుపుపట్టీ:
కోస్టల్ కలిసిందని మొదట్లోనే అన్నాను. కానీ జాగ్వార్ తోబుట్టువని నా కన్ను పట్టుకోలేదు, అది ఫోన్ కాల్ వల్లే తెలిసింది. తమ్ముడూ, ఆ ఆడపాముతో మాత్రం జత కట్టించకు. వంశం తెలిసిన జంగిల్స్ ఇప్పటికే తక్కువ.

నల్లంచు:
కట్టించను అన్నా. స్నేహితుడికి చెప్పాను, మొదట నొచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. పెట్టె మీద "జంగిల్" చీటీ తీసేసి "కార్పెట్ క్రాస్, జంగిల్ కోస్టల్ కావచ్చు, జాగ్వార్ తోబుట్టువు కావచ్చు, తల్లిదండ్రులు తెలియదు" అని రాశాను. కింద ఆయన మెసేజ్ కూడా ప్రింట్ తీసి అంటించాను.