1952 నాటి ఉత్తరం మీద సెల్లోటేపు జిగురు: సిరా పోకుండా తీసేదెలా?

మాది కందుకూరు. తాతయ్య మద్రాసులో చదువుకుంటూ వాళ్లమ్మకి రాసిన ఇన్‌లాండ్ లెటర్ ఒకటి దొరికింది. తేదీ 17-12-1952, అంటే పొట్టి శ్రీరాములు గారు పోయిన రెండో రోజు. చిరునామాలో ‘నెల్లూరు జిల్లా’ అనే ఉంది. 1970లో మా ఊరు ఒంగోలు జిల్లాకి వెళ్లి, 2022లో మళ్లీ నెల్లూరుకే వచ్చింది కదా, అప్పుడు ఆ చిరునామా మళ్లీ సరిపోయింది!

మడత చిరిగితే ఎవరో ఎప్పుడో సెల్లోటేపు వేశారు. అది తేనె రంగుకి తిరిగి, సరిగ్గా ‘రైళ్లు’ అన్న మాట తర్వాతి రెండు లైన్లని కప్పేసింది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో ఇరవై సెకన్లు పెడితే పై ప్లాస్టిక్ వచ్చింది, జిగురు మాత్రం ఉండిపోయింది. రబ్బరుతో రుద్దితే కాగితం నూగు లేచింది. మూలన దూదితో చుక్క స్పిరిట్ అద్దాను, నీలం సిరా వెంటనే పాకింది. భయమేసి ఆపేశాను. 600 డీపీఐలో స్కాన్ చేసినా ఆ లైన్లు మరకలాగే కనిపిస్తున్నాయి.

పాత కాగితాలు బాగుచేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: ఫౌంటెన్ పెన్ సిరా చెదరకుండా ఈ జిగురుని ఇంట్లో తీయడానికి దారి ఉందా?